అందరూ లేచినప్పుడు కూర్చున్నవారు

1991 ఆగస్టు ఐదవ తేదీన, విదేశీ వాణిజ్య శాఖ మూడో అంతస్తులో, కిటికీ సరిగా మూతపడని గదిలో పరిశోధన సహాయకురాలిగా విధుల్లో చేరిన మన పెద్ద మేడం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి అసలు పేరు జీతాల విభాగానికి తెలిస్తే తెలియవచ్చు. మిగతా అందరికీ వారు ‘ఆగుదాం మేడం’ గారే. పొరుగు దేశం నుండి ఎంత ఘాటైన లేఖ వచ్చినా, “ఆగుదాం. భోంచేసొచ్చి జవాబు రాద్దాం” అనేవారు. ఆకలి మీద రాసిన జవాబుతో బాగుపడిన స్నేహం లేదని వారి సిద్ధాంతం.

తొలి సంవత్సరాల్లో ఓడల రాకపోకల నివేదికలు చదవడం వారి పని. గొడ్డుచాకిరీ అని తోటివారు తప్పించుకున్న ఆ పనిలోనే, ఏ దేశపు సరుకు ఏ రేవు దాటి ఎవరి ఇంటికి చేరుతుందో వారు క్షుణ్ణంగా గ్రహించారు. క్రమంగా ఆర్థిక భద్రతా విభాగపు ఉపసంచాలకులయ్యారు. ఈ కాలంలో ప్రాంతీయ కూటములు ఎన్ని మారాయని! నిన్న భుజం మీద చేయి వేసిన దేశం నేడు ముఖం చాటేసింది. ఉప్పూనిప్పూగా ఉన్నవి ఒకే బల్ల దగ్గర చేరాయి. కరచాలనాల ఫొటోలు ఎన్ని ఉన్నా, పొత్తు విలువ మందుల దుకాణంలో అల్మరా ఖాళీ అయిననాడే తెలుస్తుందని వారు కొత్తవారికి బోధించేవారు.

గుండెజబ్బు మాత్రల ముడిపదార్థం మనకు ఒకే పొరుగు దేశం నుండి వస్తుంది. వారు ఉపసంచాలకులుగా ఉండగా, ఆ సరఫరా ఒప్పందం పొడిగింపుకు చర్చలు జరుగుతున్న ఉదయమే, ఆ దేశం మనకు గిట్టని సైనిక కూటమిలో చేరినట్లు ప్రకటించింది. చర్చలు విడిచి వచ్చేయమని పైనుండి ఆదేశం. మన బృందమంతా లేచింది. మేడం గారు లేవలేదు.

బృందనాయకులు వంగి, “లేవండి మేడం, ఉద్యోగం పోతుంది” అన్నారు.

“అలిగి లేవడం తేలికే సార్. మళ్ళీ కూర్చోమని ఎవరు పిలుస్తారు? మాత్రల సంగతి తేలనివ్వండి.”

వారు బల్ల మీది ఒప్పందం కాగితాలు మళ్ళీ తెరిచారు. ఎదుటి పక్షపు నాయకులు ఫైలు మూసి లేవబోతూ, మేడం గారిని చూసి మళ్ళీ కూర్చున్నారు. సైన్యాల తగవు ఎలా ఉన్నా మందుల ముడిపదార్థం ఆగరాదన్న షరతు ఆ సాయంత్రమే ఖాయమైంది.

ఆదేశ ధిక్కారంపై విచారణ జరిగింది. “ఇందులో మీ స్వార్థం ఏమైనా ఉందా?” అని విచారణాధికారి అడిగారు.

“ఉందండీ. మా అత్తగారు ఆ మాత్రే వేసుకుంటారు. కాకపోతే ఈ దేశంలో అత్తగార్లు చాలామందే ఉన్నారు.”

అధికారి నవ్వు ఆపుకున్నారు గాని శిక్ష ఆపలేదు. రావలసిన సంచాలక పదవి ఆగిపోయింది. తమ కింద పనిచేసినవారే పై అధికారులై వచ్చారు. మేడం గారికి బాధ కలగలేదని అబద్ధమాడలేము. ఆ పదవి చివరిదాకా రాలేదు. ఆ కూటమి చెదిరి మరో రెండు కూటములు పుట్టాయి. ముడిపదార్థం మాత్రం ఏనాడూ ఆగలేదు.

శాఖలోని చిన్నా పెద్దా అందరం వారికి నిండు ఆరోగ్యాన్ని, నిశ్చింతను మనసారా కోరుకుంటున్నాము. మన శాఖ పత్రిక ఈ సంచికకు ఫొటో కోసం వారి ఇంటికి వెళ్ళినవారు మాటల్లో ఆ మాత్రల సంగతి, విచారణ సంగతి ఎత్తేసరికి, మేడం గారు కంగారుగా వారించారట. పదవి ఎందుకు తప్పిందో ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు మరి. అప్పటికే పక్కన కూర్చున్న అత్తగారు విననే విన్నారు. తరువాత కోడలిని దగ్గరకు పిలిచి, తల మీద చేయి వేసి అన్నారు: “నా ఆయుష్షు కూడా పోసుకుని బతకవే తల్లీ.”