మూడు వేల ఏండ్ల నిప్పు

సోమనర్సయ్యను ఏదీ సూటిగా అడగకూడదని విమలకు నెల రోజుల్లోనే తెలిసొచ్చింది. అడిగితే లేదంటాడు. అడగకపోతే అన్నీ తానే చేశానంటాడు. ఈ రెంటి మధ్య నిజం ఎక్కడో నలిగి పడి ఉంటుంది. దాన్ని ఏరుకోవడానికి ఇక భూపాలపల్లి నుంచి హనుమకొండ బస్సు వచ్చేదాకానే గడువు. అందుకే రేగొండ రోడ్డు మీద అజీజ్‌బీ చాయ్ హోటల్లో, ఎండ వాలకముందే బల్ల మీద కూర్చుంది. ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా. అందులో అన్నం లేదు. వెండి కాగితంలో చుట్టిన రెండు బొగ్గు పొట్లాలున్నాయి.

ఒకటి మూడు వేల ఏళ్ళ నాటిది కావచ్చు. ఇంకొకటి మొన్నటి వానది. ఏది ఏదో ఆమెకు తెలియదు.

విమల జనగామ కాలేజీలో చరిత్ర పాఠం చెబుతుంది. చుట్టుపక్కల గుట్టల మీద పెద్ద పెద్ద రాతి పలకలతో కట్టిన పాత సమాధులుంటాయి, ఊరివాళ్ళు వాటిని రాకాసి గుళ్ళంటారు. చచ్చినవాళ్ళకు ఇన్ని ఇళ్ళు కట్టినవాళ్ళు తాము ఎక్కడ బతికారు, ఏం వండుకున్నారు, ఏ కట్టె కాల్చారు, అప్పుడిక్కడ అడవెంత, వానెంత అన్నది ఆమె ఎన్నో ఏళ్ళుగా పట్టుకు తిరుగుతున్న ప్రశ్న. ఈ ఏడు అనుమతి తెచ్చుకుని, రేగొండ అవతల ఒక మెట్ట చెలకలో ట్రెంచ్ తవ్వించింది. మనిషి లోతు పోయాక ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. వాన వెలిసి, పేరుకున్న ఒండ్రు గీకేసరికి అడుగున రెండు నల్లటి బూడిద మచ్చలు కనబడ్డాయి. ఒకటి నిచ్చెన దిక్కు, ఒకటి చింతచెట్టు దిక్కు. పొయ్యిలు! ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న సాహితి ట్రెంచ్‌లోనే గంతులేసింది.

గంతులు ఎక్కువసేపు నిలవలేదు. బొగ్గును వేర్వేరు పొట్లాలు కట్టి, మీద ఏ దిక్కుదో రాశారు గానీ, మిగిలిన బూడిద మట్టిని సాహితి ఉత్సాహంలో ఒకే నీళ్ళ డ్రమ్ములో పోసింది. కాలిన గింజలేమైనా ఉంటే పైకి తేలతాయని అలా పోస్తారు. తేలింది. నల్లగా మాడిన మక్కజొన్న గింజ. మక్కజొన్న సముద్రం దాటి మన దేశానికి వచ్చి అయిదు వందల ఏళ్ళు కూడా నిండలేదు. అంటే రెండు పొయ్యిల్లో ఒకదాని మీద ఎవరో వాన నాడు కంకులు కాల్చుకున్నారు. ఏ పొయ్యి మీదన్నది ఆ డ్రమ్ము చెప్పదు. తడిసిన బొగ్గుకు వయసు మొహం మీద రాసి ఉండదు. కాలం తేల్చే ల్యాబ్‌వాళ్ళు ఈ విడత ఒక్క పొట్లమే, అదీ రేపటిలోగా అందితేనే తీసుకుంటామన్నారు. తప్పు పొట్లం పోతే మీ పాత ఊరి వయసు నాలుగు రోజులని జవాబొస్తుంది, వచ్చే ఏటికి అనుమతి రాదు, చెలక ఆసామి ట్రెంచ్ పూడ్చి పత్తి పెట్టుకుంటాడు.

ట్రెంచ్‌కు కావలి సోమనర్సయ్య. పొద్దున అడిగితే మీసం మీద చెయ్యేసి, చీమను గూడ దిగనియ్యలేదన్నాడు.

అందుకని ఇప్పుడు విమల అడగలేదు. ఎర వేసింది. మొన్న గాలివానలో టార్పాలిన్ ఎగిరిపోకుండా కాపాడింది నర్సన్నేనట కదా, అని ట్రాక్టర్ నడిపే లక్ష్మీకాంత్‌తో అంది, సోమనర్సయ్యకు వినబడేలా.

"గది చెప్పుకునే ముచ్చటనా మేడం," అన్నాడు సోమనర్సయ్య. అని, చెప్పుకోవడానికి వీలుగా చాయ్ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు.

"పొద్దుమూకంగ మబ్బు పట్టింది. మీరందరు ఎల్లిపోయిండ్రు. టార్పాలిన్‌కు నాలుగు మూలల నాలుగు గుండ్లు పెట్టి పోయిండ్రు గదా, గాలికి మూడు గుండ్లు దొర్లినయ్. నాలుగో మూల మీద నేను కూసున్న. గంతే."

ఇంతవరకు నమ్మొచ్చు. ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

ఎరుక లేదని లక్ష్మీకాంత్ అన్నాడు. అతనికి ట్రాక్టర్ బాగయ్యేదాకా వేరే పని లేదు.

"గాలి టార్పాలిన్‌ను లేపింది. నేను ఇడువలే. ఇడిస్తే గుంతల నీళ్ళు పడ్తయ్, నీళ్ళు పడితే మేడం చదువంత ఆగమైతది, గందుకని గట్టిగ పట్టిన, అది నన్ను గూడ లేపింది, నేను దాన్ని ఇడువ, అది నన్ను ఇడువది."

లేచినవాడు మామూలుగా లేవలేదట. పాండవుల గుట్టలు కింద మేక పెంటికలంత అయ్యాయట. చిల్పూరు గుట్ట మీద వెంకన్న గుడి దీపాలు కనబడితే, చేతులు ఖాళీ లేక కండ్లతోనే మొక్కాడట. జనగామ స్టేషన్ మీద రైలు కంటే ముందు పోయాడట. అక్కడొక్క క్షణం విమల వైపు తిరిగి, మీ కాలేజీ స్లాబు మీద నీళ్ళు నిలుస్తున్నయి మేడం, జర మీవోళ్ళకు చెప్పుండ్రి అన్నాడు.

"టికెట్ ఎవరు అడగలేదా అన్నా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"పైన చెకింగ్ ఉండది."

దంతాలపల్లి దాటి మహబూబాబాద్ మీదికి పోయేసరికి మార్కెట్ యార్డులో ఎర్రగా పోసిన మిర్చి రాశుల ఘాటు పైకి తగిలింది. ఒక తుమ్ము వచ్చింది. ఆ తుమ్ము దెబ్బకు గాలే వెనక్కి తిరిగింది, తిరిగి సోమనర్సయ్యను టార్పాలిన్‌తో సహా తెచ్చి సరిగ్గా మన ట్రెంచ్‌లో దించింది.

విమల ముందుకు వంగింది. ఇంత తిరిగినా మనిషి ట్రెంచ్‌లోకి వచ్చాడు. అదే పదివేలు.

"ఏ పక్క దిగినవ్ నర్సన్నా? నిచ్చెన దిక్కా, చింతచెట్టు దిక్కా?"

"నడిమిట్ల దిగిన మేడం."

ఆమె గడియారం చూసుకుంది. మూలలు రెండే ఉన్నచోట ఈ మనిషి మూడోది కనిపెట్టాడు.

"నడిమిట్ల దిగిన. దిగిన ఊపుకు గుంత అడుగు ఆగలే. మీరు ఆపినకాడ మీకు ఆగింది, నాకు ఆగలే. కిందికి పోతున్న. నిజాం సర్కారు జమానా వచ్చింది, హాలి సిక్క రూపాయలు కండ్ల ముంగటికెల్లి పోతున్నయ్, ఒక్కటి ముట్టలే. డ్యూటీ మీద ఉన్న గదా. ఆ కింద కాకతీయుల జమానా, చెరువు మట్టి మెత్తగున్నది, గీడ జర కూసుందమనుకున్న, కూసోనియ్యలే. ఇంకా కిందికి పోయిన. ఏమున్నది గక్కడ?"

ఎవరూ అడగలేదు. అతనే చెప్పాడు. నిప్పు. మూడు వేల ఏండ్ల నిప్పు, ఆరకుండా బూడిద కప్పుకుని పడుకుని ఉంది. ఒక్క ఊదు ఊదాడు, భగ్గుమంది. ఆ వెలుతుర్లో చూస్తే ఎదురుగా బండగుండు మీద కూర్చుని తొమ్మిదడుగుల ముసలాయన, మెడలో ఎర్రపూసలు, చలికి పండ్లు కటకట కొట్టుకుంటున్నాయి. రాకాసి గుళ్ళు కట్టించిన పెద్దమనిషి ఆయనే.

"ఏ భాషల మాట్లాడిండు?" అన్నాడు లక్ష్మీకాంత్.

"మన భాషనే. కాకపోతే జర యాస. మనకంటె గట్టి యాస. సినిమాలల్ల పెడితే నవ్వుతరు."

విమలకు తెలుసు, పొయ్యి దగ్గరికొచ్చాడు, ఇప్పుడు తొందరపెడితే మళ్ళీ పైకెగురుతాడు. సోమనర్సయ్య ముసలాయన కుశలం పూర్తిచేయనిదే కదిలేలా లేడు. అడవెట్లున్నది బిడ్డా అని ఆయన అడిగాడట. ఏ అడవి తాతా అని ఇతను అన్నాడట. ఊరు దాటితే మొగులు కనబడని అడవి ఉండేనే, అందులో దుప్పులు, ఎలుగులు ఉండేనే అన్నాడాయన. అదంత కిందికి పోయి బొగ్గయింది తాతా, భూపాలపల్లికాడ మిషన్లు పెట్టి తవ్వి తీస్తున్నం అని ఇతను చెప్పాడు. ఆ బొగ్గు కోట్ల ఏళ్ళ నాటిదనీ, ఈ ముసలాయన అడవికీ దానికీ సంబంధం లేదనీ చెప్పబోయి విమల మానుకుంది. ఈ కథలో దిద్దడం మొదలుపెడితే ఎక్కడ మొదలుపెట్టాలి.

"ముసలాయన ఒకటే నవ్వుడు. గంత బొగ్గు తవ్వుకునేటోళ్ళు నా పిడికెడు బొగ్గు కోసం గింత పరేషాన్ అవుడేంది బిడ్డా అన్నడు."

విమల టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కిపట్టుకుంది.

"ఆకలైతుందన్నడు పాపం. మూడు వేల ఏండ్ల ఆకలి. నా సంచిల నాలుగు మక్క కంకులున్నయ్. ఆ నిప్పుల మీద కాల్చి, ఉప్పు, కారం, నిమ్మకాయ రాసి చేతికిచ్చిన. తిన్నడు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు."

"కారానికి," అన్నాడు లక్ష్మీకాంత్.

విమల ఇక ఆగలేకపోయింది. ఆ కాలంలో మక్కజొన్న లేదు, మిరపకాయా లేదు, రెండూ నిన్న మొన్న సముద్రం దాటి వచ్చినవి, మూడు వేల ఏళ్ళ కింద ఇక్కడివాళ్ళు వాటి మొహం ఎరగరని ఒక్క గుక్కలో చెప్పింది. కాలేజీలో అయితే క్లాసు మొత్తం తలొంచుకునే గొంతు అది.

సోమనర్సయ్య జాలిగా చూశాడు.

"గదే గదా మేడం నేను చెప్పేది. ఆయనకాడ లేకుండె. నేను ఇచ్చిన. గీ జాగకు మక్కజొన్న మొదలు తెచ్చినోడు ఫలానా సోమనర్సయ్య అని మీ పుస్తకంల రాయుండ్రి."

లక్ష్మీకాంత్ చప్పట్లు కొట్టాడు. తర్కంలో తప్పు లేదు. విమలకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు, రెంటికీ టైము లేదు.

"నర్సన్నా, నీకు దండం పెడత. ఆ కంకులు ఏ మూల కాల్చినవ్?"

"భూమి కడుపుల మూలలుంటయా మేడం? నాలుగు దిక్కులు నిప్పే."

రోడ్డు మలుపు కాడ బస్సు హారన్ వినబడింది. పొద్దున అడిగితే చీమ దిగలేదు, ఇప్పుడు ఊరుకుంటే భూమంతా పొయ్యి. కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీయడం తప్ప చేసేదేమీ లేదని విమల డబ్బా మూత తీసింది.

అప్పటిదాకా గిన్నెలు కడుగుతూ ఒక్క మాట మాట్లాడని అజీజ్‌బీ, కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఖాళీ గ్లాసుల కోసం వచ్చింది.

"నర్సన్నా, గదంత సరే. నా డబ్బా ఏమాయె?"

"ఏ డబ్బా, అజీజ్ ఆపా?"

"అగ్గిపెట్టె తడిసిందని వాన నాడు వచ్చి నా పొయ్యిల నిప్పులు ఏసుకపోతివి చూడు, ఆ నూనె డబ్బా. దాంతోనే నేను పాలు కొలుసుకునేది. మల్ల తేవైతివి."

సోమనర్సయ్య చేతులు గాల్లోంచి దిగి మోకాళ్ళ మీదికొచ్చాయి. గొంతు కూడా దిగింది.

"యాడికి పోతది ఆపా, ఆడనే ఉన్నది. నిప్పులు కుమ్మరిచ్చినంక, నిచ్చెన కాలు బురదల కుంగుతుంటె దాని కింద బోర్లిచ్చి పెట్టిన."

లక్ష్మీకాంత్ ముక్కులోంచి చాయ్ వచ్చింది. మూడు వేల ఏండ్ల నిప్పు ఈ పొయ్యిలోంచే బయల్దేరిందని, ముసలాయనకు చలి కాచింది అజీజ్‌బీ కట్టెలేనని అతను దగ్గుతూనే చెప్పాడు. సోమనర్సయ్య వినలేదు. తానిప్పుడు ఏమన్నాడో వెనక్కి వెళ్ళి చూసుకుంటున్నాడు.

విమల ఫోన్ తీసి ట్రెంచ్ దగ్గరున్న సాహితికి కలిపింది. నిచ్చెన జరిపి కాలు కింద చూడమంది. బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ను ఒక్క నిమిషం ఆపమని చెయ్యి చూపింది.

"ఉన్నది మేడం," అంది సాహితి. "నూనె డబ్బా. లోపల మసి. పక్కన మట్టిలో కాలిన కంకి బెండు గూడ ఉన్నది."

"ఒక్క జాగలనే కాల్చినవా నర్సన్నా? నిజం చెప్పు."

"నాలుగు కంకులకు రెండు పొయ్యిలెందుకు మేడం," అన్నాడు సోమనర్సయ్య నీరసంగా. నెల రోజుల్లో విమల పూర్తిగా నమ్మిన వాక్యం అదే.

నిచ్చెన దిక్కు పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. రెండోది డబ్బాలో ఉంచి మూత బిగించింది.

"ఇది నీది. భద్రంగ దాచుకో. మూడు వేల ఏండ్లయినంక దీని కోసం గూడ ఎవరో ఒకామె వస్తది."

సోమనర్సయ్య పొట్లాన్ని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. వెండి కాగితం మెరిసింది. మొహంలోకి వెలుగు మెల్లగా మళ్ళీ ఎక్కుతోంది. ఈ సాయంత్రానికి కాకపోయినా రేపటికైనా ఇది ముసలాయన చేతులారా ఇచ్చిన ఇనామవుతుందని విమలకు అర్థమైంది.

"వచ్చి అడిగితె ఆమెకు ఏం చెప్పాలె మేడం?"

విమల అప్పటికే బస్సు మెట్టు మీద ఉంది. వెనక్కి తిరగలేదు. జవాబు అజీజ్‌బీ చెప్పింది.

"ముందుగాల నా డబ్బా తెచ్చియ్యి. తర్వాత నీ ఇష్టమొచ్చింది చెప్పుకో."