పక్కన గుచ్చని చేయి

చైనాలోని నాన్‌జింగ్‌లో ఒక ఆసుపత్రి, ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చే గది. పెద్ద వైద్యుడు చేతులు కడుక్కుంటుంటే ఆయన పాత శిష్యురాలు లోపలికొచ్చి తలుపు మూసింది.

"మాస్టారూ, మన పరీక్ష పోయింది. మోకాలి కింద అసలు చోట సూది పడ్డ రోగులకీ, పోల్చి చూడ్డానికి మీరు కావాలని పక్కన గుచ్చాల్సిన రోగులకీ కడుపునొప్పి ఒకేలా తగ్గింది."

"తగ్గింది కదా, ఏడుపెందుకు?"

"అసలు చోటు కింద నరం ఉంది. సూది దాన్ని తాకితేనే కబురు మెదడుకెక్కి కడుపులో వాపు దిగుతుంది. పక్కన ఆ నరమే లేదు. మరి వాళ్ళకెలా తగ్గింది? నిజం చెప్పండి, వాళ్ళకి మీరు ఎక్కడ గుచ్చారు?"

"వాళ్ళలో ఆ మెంగ్ తాత నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడమ్మా. నా వేలు దానంతటదే అసలు చోటున్న గుంటలోకి జారింది, సూదీ అక్కడే దిగింది."

"ఒక్క మెంగ్ తాతకేనా?"

"బాధపడేవాణ్ణి తప్పు చోట గుచ్చమని నీకెప్పుడైనా నేర్పానా?"

"లేదు. మీకా పని అప్పజెప్పడం నా బుద్ధితక్కువ. రేపు అందరి ముందూ ఒప్పుకోండి."

"ఒప్పుకుంటే నా పరువూ, నీ ఇన్నేళ్ళ కష్టమూ బూడిదే."

"ఒప్పుకోకపోతే ఎక్కడ గుచ్చినా ఒకటేనని రాసేస్తారు. మీ తాతలు వెతికి పట్టుకున్న చోటుని మీ చేత్తోనే పూడ్చిపెట్టినట్టు."

ఆయన తడి చేతులు తుడుచుకున్నాడు.

"చెబుతాను. మళ్ళీ పరీక్ష పెట్టు. పక్కన గుచ్చడానికి మాత్రం వేరేవాణ్ణి చూసుకో."