లేసుతో లాగిన పంటు

నరసాపురం రేవు నుంచి జనాన్ని అవతలి ఒడ్డుకి చేర్చే పంటు ఇసకమేట ఎక్కి నడి గోదాట్లో ఆగిపోయింది. సముద్రపు పోటు వస్తేగానీ కదలదు. అవతలి ఒడ్డున చుట్టాలింటికి బయల్దేరిన శశిభూషణ్, అతని భార్య ఉమాశ్రీ టీకొట్టు బల్ల మీద కూలబడ్డారు. రాజమండ్రి నుంచి ఇక్కడికి బదిలీ కావాలో వద్దో అతను సాయంత్రంలోగా ఆఫీసుకి చెప్పాలి. ఆవిడ కుట్టుమిషన్ మీద నాలుగు డబ్బులు సంపాదిస్తోంది. ఉప్పుగాలికి మిషన్ తుప్పు పడుతుందని ఆవిడ భయం. పొద్దున వాళ్ళకి అద్దెకి తన మేడమీద వాటా చూపించిన బట్టలకొట్టు రాజమౌళిగారు పక్కనే చేరారు.

"తుప్పా? దాచడం దేనికమ్మా, ఉంటుంది. మా తాళం ఎంత తుప్పు పట్టిందంటే, దొంగ ముట్టుకోగానే వాడి చేతిలోకి ఊడొచ్చేసింది. పాపం, మా మీద జాలిపడి మర్నాడు కొత్త తాళం వేసి, తాళంచెవి కిటికీలో పెట్టి మరీ వెళ్ళాడండి. ఈ ఊరి దొంగే అలాంటివాడైతే ఇక మంచివాళ్ళ సంగతి చెప్పాలా? రైల్లో నిద్రపోయినా బెంగలేదు, పట్టాలు ఇక్కడితోనే ఆఖరు. ఓసారి నేను లేవకపోతే డ్రైవరుగారే సంచీ మోసుకుని ఇంటిదాకా దిగబెట్టారు."

"డ్రైవరా?" అన్నాడు శశిభూషణ్.

"ఆయనే. అదేం గొప్పండి, మొన్న వరదల్లో ఏం జరిగిందో వినండి. ఇదే పంటు, నిండా పెళ్ళివారు, తాళ్ళు తెగి సముద్రంలోకి కొట్టుకుపోతోంది. మా ఆవిడ సత్యకుమారి అల్లుతున్న లేసు నా చేతిలో ఉంది. విసిరాను, కొక్కేనికి పడింది, లాగాను. పంటు వచ్చింది సరే, దాని వెనకాలే అంతర్వేది లైట్‌హౌసూ వచ్చేస్తోంది! పడవలవాళ్ళు దారి తప్పుతారని దాన్ని మళ్ళీ వెనక్కి నెట్టి వచ్చాను."

"లేసు తెగలేదా అండి?" అన్నాడు శశిభూషణ్.

"ఒక్క పువ్వు వదులైంది. దానికే మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు."

ఉమాశ్రీ నది వైపు చెయ్యి చూపించింది. "బాబాయిగారూ, అదే పంటు అదిగో. పిన్నిగారి లేసు తెప్పించండి, మేం తొందరగా వెళ్ళాలి."

టీకొట్లో అందరూ నవ్వారు. రాజమౌళిగారు ఖాళీ గ్లాసు ఎత్తి తాగారు. "ఇవాళ ఉతికి ఆరేసిందమ్మా."

"పోనీ, ఒక్క నిజం చెప్పండి. నా మిషన్ పాడవుతుందా?"

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. "తుప్పు పడుతుంది తల్లీ. రోజూ నూనెగుడ్డతో తుడుచుకోవాలి. మా ఆవిడా అదే చేస్తుంది."

ఉమాశ్రీ మొగుడి వైపు తిరిగింది. "వస్తామని ఫోన్ చేసెయ్యండి." తర్వాత రాజమౌళిగారి ముందు చెయ్యి చాపింది.

"ఆ దొంగ పెట్టిన తాళంచెవి ఇలా ఇవ్వండి, బాబాయిగారూ."