సబ్బులాయన చేతులు

ఎవరే అన్నది, నీ నవ్వు అచ్చం మా అక్క నవ్వని? అప్పట్నుంచీ మాతో ఉన్న ఆ వంటావిడా? ఆవిడకి చెవుడు. సరే, అడిగావు కాబట్టి కూర్చో. మీ అమ్మ ఇవన్నీ నీకు చెప్పి ఉండదు. మా అక్క అందగత్తేం కాదు. ముక్కు నాదే బాగుంటుంది, చూడు. అయినా అప్పట్లో మేముండే కొండ మీద మఠంలో అందరికీ ఆవిడే కావాలి. అక్కడ దేవుడంటే విగ్రహం కాదమ్మా, ఆకాశంలోంచి ఊడిపడ్డ ఇనప గుండు. ఈ గదంత ఉండేది. వెచ్చగా, గుండెకాయలా కొట్టుకుంటూ. కింది నుంచి ఇంజనీర్లొచ్చి, ‘ఇది వేరే లోకం వాళ్ళ ఓడలో యంత్రం’ అని తేల్చారు. ‘అయితే దేవుడు ఓడలో వచ్చాడన్నమాట’ అని మఠం పెద్దాయన వాళ్ళకి టీ ఇచ్చి పంపేశాడు. రోజూ పొద్దున్నే అందరం దాన్ని తాకేవాళ్ళం. తాకిన చేతులు మర్నాటిదాకా చీకట్లో నీలంగా వెలిగేవి. దాన్ని తుడిచే పని అక్కది. నేను తాకితే దాని మానాన అది కొట్టుకునేది. అక్క గుమ్మంలో అడుగు పెడితే చాలు, దడదడ! యంత్రానికి కూడా ఆవిడే కావాలి!

ఓరోజు మధ్యాహ్నం అక్క ఆ గదిలోనే తల పగిలి పడి ఉంది. గుండు కొట్టుకోవడం ఆగిపోయింది. కొండ మీదికి కొత్తవాళ్ళెవరూ రాలేదు, అంటే మాలో ఒకరే. నేనా? ఏడ్చాను. ఎందుకేడవను, సొంత అక్క. ఆ... మీ తాత మఠానికంతా సబ్బు కాచేవాడని చెప్పానా? ఆవేళ సబ్బులో కలిపే కాస్టిక్ సోడా నీళ్ళు ఒలికి చేతులు కాలాయని వచ్చాడు. నేనే ఊదుతూ వెన్న రాశాను.

ఆ రాత్రే అక్కని సాగనంపాం. పోయినవాళ్ళని సాగనంపేటప్పుడు మేం దీపాలార్పేసి చేతులెత్తేవాళ్ళం. ఆ నీలం వెలుగులో మొహం చివరిసారి చూసుకోవాలి. అక్క మొహం అప్పుడూ బాగానే ఉంది, అదొకటి. నా పక్కన మీ తాత చేతులెత్తలేదు. నిజం చెప్పనా, నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఈయనొక్కడైనా ఆవిడ కోసం వెలగట్లేదనుకున్నా. అంతలో పెద్దాయన, ‘ఏమోయ్ సబ్బులాయనా, చెయ్యెత్తవేం?’ అన్నాడు. ఎత్తాడు. అన్ని వెలుగుల మధ్య రెండు నల్లటి చేతులు. సోడా ఒలకనూ లేదు, ఏమీ లేదు. నెత్తురు వదలాలని సోడాతో రుద్దుకుంటే వెలుగు కూడా వదిలిపోయింది. ‘ఎందుకు చేశావురా?’ అన్నారు. ‘నాతో కొండ దిగి వచ్చెయ్యమన్నాను. నవ్వింది. ఆ నవ్వు తట్టుకోలేకపోయాను’ అన్నాడు. నా ముందే! నేను వెన్న రాసిన చేతులు ఇంకా పైకెత్తే ఉన్నాయి.

పోలీసులు తీసుకుపోయారు. జైల్లోనే పోయాడు. అందరూ నా మీద జాలిపడ్డారు. జాలెందుకే, నాకు ఒళ్ళు మండిపోతుంటే! కాపురం చేసినన్నాళ్ళూ ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ‘అదృష్టవంతురాలివే’ అనేవాళ్ళు. ఓసారి నేనే గొడవ పెట్టుకుని, కొండ దిగి పోతున్నా, ఇక రానంటూ మూట కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆపుతాడేమోనని చెప్పులు నెమ్మదిగా తొడుక్కున్నాను. తలెత్తకుండా సబ్బు ముక్కలు కోసుకుంటూ, ‘మబ్బేసింది, గొడుగు తీసుకెళ్ళు’ అన్నాడు.

ఏయ్, ఎందుకే ఆ నవ్వు? ఆపు. ఆపమంటున్నానా... ఆ వంటావిడ చెవులు బాగానే ఉన్నాయి.