కుదురు లేని ఇల్లు

మాలకొండయ్య అని ఒకాయన ఉండేవాడంట. మంచోడే. మంచోడంటే, ముందు మంచోడు, మళ్ళీ చివరాకరికి మంచోడు, నడిమధ్యన ఒక్క ఏడాది మాత్రం ఇంట్లో ఎవురూ ఆయన్ని భరించలేకపోయినారు. ఆ ఏడాది సంగతే నేను చెప్పేది. వాళ్ళమ్మ పేరమ్మ చచ్చిపోయిన ఏడాది అది. ఏమైందంటే, అమ్మ పోయినప్పుడు ఈయన ఏడవలా. ఒక్క చుక్క రాలా కంట్లోంచి. మగోడంటే అట్టా నిలబడాల అని ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారంట. మెచ్చుకోరా మరి, పనులన్నీ తనే చూసుకున్నాడు, వొచ్చినోళ్ళకి అన్నాలు తనే వడ్డించాడు. పెద్దకర్మ అయిన తెల్లారి ఆయమ్మ మంచం, బొంత, చేతికర్ర, ఆయమ్మ పేనిన గడ్డి కుదుళ్ళు... కుదురంటే తెలుసుగా, రాసుకునే బాబూ? కుండ దొర్లకుండా కింద పెడతాం చూడు, గుండ్రంగా గడ్డితో చుట్టి, అది. అయ్యన్నీ పోగేసి పెంటదిబ్బ మీద పారేసి వొచ్చాడు. పాత చెత్త అన్నాడంట. ఆయన పెళ్ళాం అంకమ్మ, అదేందయ్యా, నీళ్ళకుండకి ఒక్క కుదురన్నా ఉంచు అంటే, ఇటికముక్కలు లేవా, పెట్టుకో అన్నాడు. సరే, పెట్టుకుంది. ఇటికముక్కల మీద కుండ నిలబడుద్దా? నిలబడినట్టే ఉంటది, చెంబు ముంచబోతే పక్కకి దొర్లుద్ది.

అప్పుడు మొదలైంది చూడు ఆయన వరస. పొద్దున లేస్తే ఈ ఇంట్లో గాలాడటంలా అంటాడంట. ఆ ఇంటికి రెండు వాకిళ్ళు, ఎదురెదురుగా, గాలి ఇటు దూరి అటు పోద్ది, అయినా ఈయనకి గాలాడదు! దర్వాజా పొట్టిది, నలభై ఏళ్ళ నుంచీ వొంగి వొంగి పొయ్యేవాడు. ఇప్పుడు వొంగడు. వొంగకుండా పోయి తల కొట్టుకోని దర్వాజాని తిడతాడు. కూరలో ఉప్పెక్కువంటాడు, తెల్లారి చప్పగా ఉందంటాడు. పిల్లలిద్దరూ నాన్న చెప్పుల చప్పుడు వింటే చాలు, ఆడుకునేది ఆపేసి మూలకి పోయి కూచునేవాళ్ళంట. అది చూసి అంకమ్మ, నీకేమైందయ్యా అనడిగితే, "నాకేం కాలా, ఈ ఇంటికే ఏదో అయింది" అనేవాడు. నిజంగానే అట్టా అనుకున్నాడు పాపం. లోపల ఏదో పీకుతా ఉంది, అదేందో ఆయనకే తెలవదు. కడుపునొప్పయితే కడుపు పట్టుకుంటాం, పన్నునొప్పయితే దవడ పట్టుకుంటాం, దీనికి ఏం పట్టుకోవాల? అందుకని ఇల్లు పట్టుకున్నాడు.

ఇట్టా ఉండగా ఒకరోజు పొద్దుటేళ ఎరుక చెప్పే ఆమె వొచ్చిందంట, చంకన బుట్ట, చేతిలో కర్ర, కొత్త కోక కట్టుకోని. మాలకొండయ్య అరుగు మీద కూచోని కొడవలి నూరుకుంటన్నాడు. ఎరుక తర్వాత చెబుతా గానీ ముందు మంచినీళ్ళియ్యమ్మా అనింది ఆమె. ఆమె పక్కనే నిలబడుంటే అంకమ్మ వసారాలో కుండలో చెంబు ముంచింది. కుండ వొరిగింది, సగం నీళ్ళు వొలికినయ్యి. ఆమె మిగిలినయ్యి తాగింది, తాగి కిందకి చూసింది, లోపలికి చూసింది, "ఈ ఇంట్లో కుదురు లేదమ్మో" అనింది. ఇంతలో పక్కింటోళ్ళు కేకేస్తే బుట్ట సర్దుకోని అటు పోయింది. ఇక మాలకొండయ్య చేతిలో కొడవలి అక్కడే ఆగిపోయింది. ఎరుక చెప్పే నోరు కదా! "విన్నావటే? ఏడాది నుంచీ నేను మొత్తుకుంటంటే నా మాట నీకు గడ్డిపరక. ఇప్పుడేమంటావు? ఇంట్లో కుదురు లేదంట. మనుషులు కుదురుగా ఉండే ఇల్లు కాదు ఇది. ఇల్లు విప్పేద్దాం, దూలాలు బండికెత్తుకోని ఏటవతల మీ అన్నోళ్ళ ఊళ్ళో వేసుకుందాం" అన్నాడు. పుట్టినూరికేగా, అంకమ్మకి సంతోషమేగా అనుకుంటన్నారు మీరు. ఏం సంతోషం? నాలుగు రోజులుండి రావటానికి బాగుంటది పుట్టిల్లు. ఆ దూలాలు మాలకొండయ్య వాళ్ళ తాత తెచ్చినయ్యి. దీపంగూడు యాడుందో, ఉట్టి యాడుందో కళ్ళు మూసుకోని చెప్పుద్ది అంకమ్మ. ఆమె బతిమాలింది, ఏడిచింది, రెండు పూటలు అన్నం మానేసింది. ఆయన వినలా.

బండి కట్టే రోజు రానే వొచ్చింది. ముందు సామాను ఎక్కియ్యాల, పొద్దు తిరిగినాక పైకప్పు విప్పాల, అదీ లెక్క. రోలెక్కింది, మంచాలెక్కినయ్యి, గిన్నెలూ చేటలూ ఎక్కినయ్యి. ఆఖరికి నీళ్ళకుండ మిగిలింది. అంకమ్మ దాన్ని చంకనేసుకోని వాకిట్లో నిలబడింది. "మీ అమ్మ సామానంతా పారేశావు. ఆయమ్మ చెయ్యి పడింది ఇదొక్కటే మిగిలింది. ఇది పగలకుండా వొస్తేనే నేను బండెక్కుతా" అనింది. అదెంత పని అని ఈయన కుండ తీసుకోని బండిలో పెట్టాడు, దొర్లింది. చుట్టూ గడ్డి కుక్కాడు, ఎద్దు తల ఆడించింది, మళ్ళీ దొర్లుకుంటా అంచుదాకా వొచ్చింది. అంకమ్మ రెండు చేతులా పట్టుకోబట్టి సరిపోయింది. "కుదురుంటే నిలబడుద్ది" అనిందంట. యాడుంది కుదురు అంటాడు ఈయన. నువ్వేగా పారేసింది, నువ్వే పేను, నాకు చాతకాదు అనింది ఆమె. చాతకాకేం, శుభ్రంగా చాతవుద్ది. అయినా చాతకాదనింది!

మాలకొండయ్య పళ్ళు కొరుక్కుంటా కూచున్నాడు అరుగు మీద. గడ్డి మీద నీళ్ళు చల్లాడు, కొస కాలిబొటనేలికి తగిలించాడు, మెలిక తిప్పాడు. పుటుక్కున తెగింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తెగింది. మూడోసారి గడ్డి విసిరికొట్టబోతా ఆగాడంట, ఎందుకంటే, చిన్నప్పుడు ఇదే అరుగు మీద వాళ్ళమ్మ పక్కన కూచోని పేనేటప్పుడు ఆయమ్మ చెప్పింది గుర్తుకొచ్చింది. "ఒరే కొండా, ఊరికే తిప్పితే చెయ్యి గట్టిపడి గడ్డి తెగుద్దిరా. ఒక్కో మెలికకీ ఆ రోజు సంగతి ఒకటి చెప్పుకుంటా తిప్పు, చెయ్యి తేలికపడుద్ది" అనేది. ఆయమ్మ అట్టానే పేనేది. బర్రె ఈనిందీ అని ఒక మెలిక, కొండడు అన్నం మీద అలిగాడూ అని ఒక మెలిక. సరే చూద్దాం అని ఈయనా మొదలుపెట్టాడు. "బండి కట్టాం" అని ఒక మెలిక. తెగలా. "ఎడమెద్దు కుంటతంది" అని ఒక మెలిక. ఆగింది. "పిల్లోళ్ళు నాతో మాట్టాడటంలా" అని ఒకటి. "నాకు కోపమొస్తంది" అని ఒకటి. "ఎవురి మీదో తెలవదు" అని ఒకటి. "పొద్దున్నే వసారాలో దగ్గు వినపడటంలా" అని ఒకటి. అప్పుడు, "మా అమ్మ లేదు" అన్నాడు. ఆ మెలిక తిప్పలేకపోయాడంట. ఏడాదయింది గదా, ముసలామె మంచం అన్నాడు, పెద్దకర్మ ఖర్చు అన్నాడు, అమ్మ లేదు అనే మాట మాత్రం ఒక్కసారి కూడా అనలా ఆ నోటితో.

ఇక ఏడిచాడమ్మా. ఎద్దులు తలలు తిప్పి చూసినయ్యంట. అంకమ్మ వొచ్చి ఎదురుగా కూచుంది. పేనింది ఊడిపోకుండా ఆ గడ్డికొస రెండువేళ్ళతో పట్టుకోని కూచుంది, అంతే. చాలాసేపటికి ఈయన ముక్కు తుడుచుకోని, "ఇది కోపం కాదే" అన్నాడు. కాదయ్యా, బెంగ, అమ్మ మీద బెంగ పెట్టుకున్నావు నువ్వు అనింది. పెద్దోళ్ళకి కూడా వొస్తదా అన్నాడంట, చూడండి, ఇద్దరు పిల్లల తండ్రి! రాకుండా యాడికి పోద్ది అనింది ఆమె. దానికి బెంగ అని పేరుందనేసరికి ఆయనకి గుండెల మీంచి బండ దించినట్టయింది. కుదురు పేనటం అయ్యింది. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం, అష్టవంకర. కుండ తీసుకున్నాడు, బండి కాడికి పోతాడేమోనని అంకమ్మ చూస్తంది. ఆయన వసారాలోకి పోయి, పాత మూలలో కుదురు పెట్టి దాని మీద కుండ పెట్టాడు. చేత్తో తోశాడు. కదల్లా. ఒక చెంబు ముంచుకోని తాగాడు. తాగి లోపలికి పోతా, దర్వాజా కాడ వొంగాడు. అది చూసి అంకమ్మ కొంగు నోట్లో పెట్టుకోని అప్పుడేడిచింది. చిన్నది మెల్లగా వొచ్చి, నాన్నా, మనం పోవటంలేదా అనడిగితే, యాడికీ పోవటంలా, ఆ చేటలు దించుకురా పో అన్నాడంట.

మరుసటేడు ఎరుక చెప్పే ఆమె మళ్ళీ వొచ్చింది. అంకమ్మ పరుగున పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తల్లీ, నీ నోటి మాట మమ్మల్ని ఎంత తిప్పలు పెట్టిందీ, ఎట్టా కాపాడిందీ అని మొత్తం చెప్పుకొచ్చింది. ఆమె తెల్లమొహం వేసింది. "నేనేమన్నానమ్మా?" అనింది. ఇంట్లో కుదురు లేదన్నావుగా అంటే, "అవును, కుండ కింద కుదురు లేదంటిని. నీళ్ళన్నీ నా కొత్త కోక మీద పడె. అంతకి మించి నేనేమీ అనలా" అనింది. మాలకొండయ్య అరుగు మీద వెల్లకిలా పడి నవ్వాడంట. "ఓసినీ, ఈమె కోక తడిసినందుకా నేను మా తాత దూలాలు ఊడబీకబోయింది!" అని, కళ్ళెంబడి నీళ్ళొచ్చేదాకా నవ్వి, తర్వాత ఆమెకి ఒక కుదురు పేనిచ్చి పంపించాడంట, అది మాత్రం కొంచెం గుండ్రంగానే వొచ్చింది.

అదీ సంగతి. ఆమె అనింది ఒక కుదురు, ఈయన విన్నది ఇంకో కుదురు, చూస్తే రెండూ లేవు ఆ ఇంట్లో! ఏం బాబూ, ఎందుకు రాయటం ఆపేశావు? ఏ కుదురని రాయాలో తెలవటంలేదా? రెండిటికీ ఒకటే రాత గదా, రాసెయ్యి. రాసి, ఇట్టా వొచ్చి నా పక్కన కూచోని ఈ గడ్డికొస కాస్త పట్టుకో. నా చేతిలో పని ఆగిపోయింది, నీకు ఈ కథ చెప్పుకుంటా ఉంటే.