పది కాపీలు

మేడ్చల్ బజార్లో ‘మేడ్చల్ కేక’ వారపత్రిక ఆఫీసు. పట్టపగలే షటర్ దించి లోపల తాళం వేశారు; బయటినుంచి దానిమీద రాళ్లు పడుతున్నాయి. లోపల ఉన్న, ఊరంతా ‘పేపరన్న’ అని పిలిచే చర్చి సంఘపెద్ద ఎడ్వర్డ్ దగ్గరికి అక్క పరంజ్యోతి వెనక వాకిలిగుండా వచ్చింది.

“గా కిటికీ కాడ నిలవడకక్కా. రాయి తగుల్తది.”

“తగలనియ్యి.”

“గట్లనకు. గిడియోన్ బావకెట్లుంది?”

“దవాఖాన్ల పండుకున్నడు.”

“మాట్లాడిండా?”

“నిన్న సమాధుల తోట కాడ జేసీబీకి అడ్డం నిలవడ్డడు తమ్మీ. రాడ్డుతోని నెత్తి మీద ఏసిన్రు. ఒక్కటి గాదు. కిందవడ్డంక సుత ఏసిన్రు. జేసీబీ ఆగలే. నాయిన గోరి మీదికెళ్లే పోయింది.”

“ఒక్కొక్కని పేరు రాస్త. ఈ వారం మొదటి పేజీ మొత్తం బావదే. నేను భయపడెటోన్నా? కంపెనోళ్లు చెరువుల పాడునీళ్లు ఇడుస్తున్రని రాస్తే, శామీర్‌పేట రోడ్డు మీద నా కుడి చెయ్యి ఇరగ్గొట్టలే? ఆ వారం పేపర్ ఎడమ చేత్తోని రాసిన.”

“యాదికుంది. నెల దినాలు నీకు బువ్వ తినిపించింది నేనే.”

“సైకిల్ మీద ఇంటింటికి ఏసిన పేపరక్కా ఇది. ఇరవయ్యారేండ్లు. గుడికి పోయెటోళ్లు, చర్చికి పోయెటోళ్లు, ఎవలకు పంచాయితి వడ్డా నా తానికే...”

“సమాధుల తోట భూమి అమ్మకం నోటీసు నీ పేపర్ల పడ్డదట.”

“ఎవలన్నరు?”

“జేసీబీతోని వచ్చినోళ్లు. పేపర్ల ఏపిచ్చినం, ఏడు దినాలు సూసినం, భూమి మాదని ఒక్కడు రాలేదన్నరు. మీ బావ నవ్విండు. మా బామ్మర్ది పేపర్ల గసొంటిది రాదన్నడు. అప్పుడే మొదటి దెబ్బ వడ్డది.”

“దొంగ పేపర్ కొట్టిచ్చుకున్నరేమో.”

“ఇగో, గిది మా ఇంటికొచ్చింది. మట్టల ఆదివారం నాటిది. రెండో పేజీల మన పిల్లల పాటల పోటీ. ఇంకోటి గిది, వాళ్లు సూపిచ్చింది, మీ బావ పిడికిట్ల దొరికింది. అదే తేదీ, అదే రెండో పేజీ. పాటల పోటీ లేదు. నోటీసుంది.”

“ఆ నెత్తురు... జర అవతల పెట్టక్కా.”

“గిసొంటియి ఎన్ని కొట్టినవ్?”

“పరమేష్ వకీలు తెస్తడు నోటీసులు. పేపర్ల పడ్డట్టు కోర్టుల సూపియ్యాలె, గంతే. అందరు ఏస్తరు, నేనొక్కన్నే...”

“ఎన్ని?”

“పది. పదే కాపీలు. ఇంకేం జెయ్యాలె? చందాలతోని పేపర్ నడుస్తదా?”

“సర్వే నంబర్ సూడలేదా?”

“నోటీసులు నేను సదవ. ఏండ్ల సంది సదవలే. నా పేపర్ నేనే సదవలేదక్కా. ఒట్టు, నాయినను పెట్టిన భూమని తెలిస్తే ఏద్దునా?”

“ఇంకొకల నాయినను పెట్టిన భూమైతే?”

“...ఇప్పుడా మాటలు? షటర్ ఒంగిపోతాంది. ముందుగాల గీ గూండాగాళ్లను పోనియ్యి. నేను రాస్తనని వాళ్లకు భయం, అందుకే వచ్చిన్రు. సంఘపోళ్లకు ఫోన్ జెయ్యి. పది మంది వస్తే సాలు.”

“వచ్చిన్రు తమ్మీ.”

“యాడ?”

“షటర్ బయట. రాళ్లు ఏస్తున్నది వాళ్లే. పొద్దుగాల మీ బావ పాణం ఇడిసిండు. చర్చిల రెండు పేపర్లు సదివి ఇనిపిచ్చి, అందర్ని తోల్కొచ్చింది నేనే. ఇగ తాళంచెయ్యి ఇటియ్యి.”