మూడో కూత

వయోమింగ్‌లో ఒక ఆనకట్టకు నాలుగు మైళ్ల దిగువన, ఏటి ఒడ్డునే వాండా ఇల్లు. తమ్ముడు డెల్‌ను పాతిపెట్టి అప్పటికి తొమ్మిది రోజులు. డ్యామ్ గేట్లు చూసే హార్లన్ మధ్యాహ్నం పూట వచ్చి, టోపీ ఒళ్లో పెట్టుకుని వంటగదిలో కూర్చున్నాడు.

"కాఫీ తాగవేం? భయపడకు, కుళాయి నీళ్లు కాదు. కొట్లో కొన్నవి."

"అది కాదక్కా. తాగే వచ్చాను."

"కుళాయి తిప్పితే ఇంకా బురదే వస్తోంది, కుళ్లిన గుడ్ల కంపు. ముప్పయ్యేళ్లు మీ డ్యామ్ అడుగున మగ్గిన మట్టి, ఒక్క పూటలో మా మీదికి తోసేశారు."

"పూడిక తియ్యకపోతే డ్యామే నిండిపోతుందక్కా."

"తియ్యొద్దని ఎవరన్నారు? మంచు కరిగి ఏరు పొంగినప్పుడు కాస్త కాస్త వదిలితే ఏరే మోసుకుపోతుందని డెల్ నీకెన్నిసార్లు చెప్పాడు? చేపలు గుడ్లు పెట్టే నెలలోనా వదలడం?"

"చెప్పాడు. నాకే చెప్పాడు."

"గులకరాళ్లేమో మీ గోడ వెనకే ఆగిపోతాయి, బురదేమో మాకు. మిగిలిన నాలుగు రాళ్ల మధ్యా చేప గుడ్లన్నీ ఊపిరాడక చచ్చాయి. కొంగ కూడా వాలట్లేదు, చూశావా? పొద్దున్నుంచి ఒక్క చప్పుడు లేదు."

"అక్కా, నేను వచ్చింది..."

"బూట్ల చప్పుడు తప్ప."

"ఏం బూట్లు?"

"వాడివే. రోజూ ఈ వేళకే. వరండాలో బురద దులుపుకుంటాడు. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. నవ్వకు."

"నవ్వట్లేదు."

"వాడి ఉసురు నాకే తగిలింది, హార్లన్."

"అలా అనకు."

"అనక? ఆ రోజు చేపలు రాళ్లలో గుడ్లు పెట్టిన గూళ్లు లెక్కపెట్టడానికి ఏట్లోకి దిగబోతూ అడిగాడు, డ్యామ్ సైరన్ ఎన్నిసార్లు కూసిందక్కా అని. వాడికి చెవులు సరిగా వినపడవు కదా. రెండు కూతలైతే ఉత్త టెస్టింగు, మూడైతే బురద వస్తున్నట్టు. ఈ ఏటి మీద పసిపిల్లలకీ తెలుసు. రెండేరా, వెళ్లు అన్నాను."

"రెండు..."

"అప్పుడు వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. మూడోది నాకు వినపడలేదు."

"అక్కా..."

"దొరికినప్పుడు నిలబడే ఉన్నాడట కదా? నువ్వేగా ముందు చూసింది."

"నీళ్లు దిగాక చూశాను. నడుం దాకా బురద. నిలబడే ఉన్నాడు. గూళ్ల దగ్గర గుర్తుకు పాతే జెండాలు చేతిలోనే ఉన్నాయి."

"రేపు విచారణలో చెప్పేస్తాను, తప్పు నాదేనని. వాణ్ని పంపింది నేనేనని."

"నువ్వు చెప్పకూడదు."

"ఎందుకు? మూడు మోగించినట్టు మీ డ్యామ్ రిజిస్టర్లో రాసే ఉందటగా?"

"రాసింది నేనే."

"మరి? తలెత్తి నా మొహం చూసి చెప్పు. మూడోది గాలికి కొట్టుకుపోయిందా? లేక నేనే..."

"మూడు మోగిస్తే జనం కెమెరాలు పట్టుకుని ఒడ్డుకొస్తారన్నారు పైవాళ్లు. చచ్చిన చేపల ఫొటోలు పేపర్లో పడతాయన్నారు. సరేనన్నాను."

"దేనికి సరేనన్నావు?"

"నువ్వు సరిగ్గానే లెక్కపెట్టావు, వాండక్కా."